దుప్పట్ల తండ్రి

అన్న పోయాడని పికప్ డ్రైవర్ వచ్చి చెప్పినప్పుడు నేను రొట్టెల పిండి కలుపుతున్నాను. ఎట్లా పోయాడని అడిగాను. వడదెబ్బ అన్నాడు. చేతికున్న పిండి దులుపుకుంటూ ఇంకోసారి అడిగాను, ఇంకోసారీ అదే చెప్పాడు. సెలవు మీద జగిత్యాల పక్కన తన ఊరికి వెళ్లి, కొత్తగా వేసిన ఇంటి స్లాబుకు నీళ్లు పట్టడానికి మే నెల మిట్టమధ్యాహ్నం పైకెక్కి, పైపు చేత్తో పట్టుకునే పడిపోయాడట. చుట్టూ నీళ్లు, మధ్యలో మనిషి. ఎండ పడదని ఈ ఒమన్ దేశంలో ఎండ లేని చోటు చూసుకుని, కొండ మీద ఆరు చలికాలాలు గడిపిన మనిషి అట్లా పోయాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ వేళప్పుడు స్లాబు ఎక్కమని ఎవరు చెప్పారు?

నేను రాయచోటి వైపు దాన్ని. అర్బాబు, అంటే మా యజమాని, వాళ్ల అమ్మకు వంట చేసిపెడుతూ, ఆవిడకు తోడుగా ఈ జబల్ కొండ మీద ఉంటున్నాను. ఒమన్ అంటే మనవాళ్లకు ఎడారీ సముద్రమూ గుర్తొస్తాయి. ఇక్కడ దానిమ్మలు, గులాబీలు పండుతాయని, జనవరిలో బకెట్టు నీళ్ల మీద అప్పడం మందాన మంచు కడుతుందని చెబితే మా ఇంట్లోవాళ్లే నమ్మరు. పెద్దావిడ పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. మస్కట్‌లో కొడుకు ఇంటికి రమ్మంటే, అక్కడ గాలిని కూడా వేయించి పెడతారు, నేను రాను అంటుంది. ఆవిడా, నేనూ, తోటపనికి అన్నా, ఇంట్లో ముగ్గురమే ఉండేవాళ్లం. అన్నకు పేరు ఉంది. బతికున్నప్పుడు ఏనాడూ పేరుతో పిలవలేదు, ఇప్పుడు కొత్తగా ఎందుకు.

ఆయన తోటమాలి కాదు. అర్బాబుకు మస్కట్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఉంది, అందులో ఐరన్ పని చేసేవాడు. మబేలాలో ఒక సైట్ మీద కడ్డీలు కడుతూ కడుతూ ఒకరోజు ఎండకు పడిపోయాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఎండలో పది నిమిషాలు నిలబడితే కళ్లు చీకట్లు కమ్మేవట. ఐరన్ పని నీడలో ఎక్కడ దొరుకుతుంది? ఇంటికి పంపేస్తారేమోనని ఘాలాలో కంపెనీ రూమ్‌లో కూర్చుని బెంగపెట్టుకున్నాడు. అప్పుడే అర్బాబు రూమ్‌కు వచ్చి, మీలో వ్యవసాయం తెలిసినవాళ్లు ఎవరని అడిగాడు. ఉన్నవాళ్లంతా నిజామాబాదు, జగిత్యాల రైతులే, అందరూ చేతులెత్తారు. ఈయన మాత్రం లేచి నిలబడి, పసుపు పండించాను అన్నాడట. అర్బాబుకు పసుపు పంట తెలియదు. ఆకుపచ్చగా ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాడు. ఇంటర్వ్యూ అంతటితో అయిపోయింది.

అర్బాబుకు తోటమాలి ఎందుకు కావలసివచ్చాడంటే, దానికి వెనక ఒక మోజు ఉంది. ఆయన ఏదో చలిదేశం వెళ్లినప్పుడు ఒక తోటలో గేటు నుంచి గుమ్మం దాకా, దారికి రెండు పక్కలా లడ్డూల్లా గుండ్రంగా కత్తిరించిన పొదలు చూసి మనసు పారేసుకున్నాడు. బాక్స్‌వుడ్ అంటారట వాటిని. ముందు మస్కట్ ఇంట్లో నాటించాడు. ఒక్క ఎండాకాలానికి అవి టీపొడి అయిపోయాయి. ఇది చలిని తట్టుకునే రకం, చల్లటి చోటే పెంచాలి అని బర్కాలో నర్సరీవాడు అప్పుడు చెప్పాడట. అమ్మేముందు ఆ ముక్క చెప్పడానికి వాడికి తీరిక లేకపోయింది. రెండోసారి తెప్పించిన మొక్కలు ఏసీ బండిలో కొండెక్కాయి. వాటి వెనకాలే అన్న కూడా ఎక్కాడు.

బండి దిగిన మనిషి మొక్కల వంక చూడలేదు. గేటు దగ్గర నిలబడి, దాహం వేసినవాడు నీళ్లు తాగినట్టు గాలి పీల్చాడు. తర్వాత నన్ను చూసి అడిగిన మొదటి మాట ఇది.

"చెల్లె, గీడ ఎండకాలం గూడ గిట్లనే ఉంటదా?"

"ఇంచుమించు ఇట్లే ఉంటాదన్నా. ఫ్యాన్ కూడా వేసుకోం."

"అయితే నన్ను ఈడికెల్లి ఎవ్వలు కదిలియ్యలేరు," అన్నాడు. అప్పటికింకా గడ్డపార చేతిలోకి తీసుకోలేదు.

కదిలించకుండా ఉండాలంటే చేయవలసింది ఒకటే. ఆ మొక్కలు బతకాలి. అవి చస్తే మళ్లీ మబేలా, మళ్లీ ఎండ. అర్బాబు ఆ సంగతి మొహమాటం లేకుండా చెప్పే పంపాడు. కుండీకి కట్టిన చీటీ మీద బాక్స్ అన్న అక్షరాలు కూడబలుక్కుని, అన్న వాటికి డబ్బా చెట్లని పేరు పెట్టాడు. పువ్వు లేదు, కాయ లేదు, వండుకునే ఆకు కాదు, ఏడాదికి బెత్తెడు కూడా ఎదగదు. "గీ చెట్టు పుట్టి ఏం సాధిచ్చింది?" అని నన్ను అడిగేవాడు. నన్ను అడిగితే తప్పులేదు, చెట్ల ముందు కూర్చుని వాటిని కూడా అడిగేవాడు.

మొదటి నెలలోనే పిల్లి గొడవ వచ్చింది. ఎండ బాగా కాసిన మధ్యాహ్నాలు ఆ పొదల దగ్గర పిల్లి ఉచ్చ వాసన వచ్చేది. పెద్దావిడకు ఒక బూడిద రంగు పిల్లి ఉండేది. అదే రోజూ వచ్చి తన చెట్ల మీద పోస్తోందని అన్న తీర్మానించుకున్నాడు. దారికాచి పట్టుకోవాలని తువ్వాలు తలకు చుట్టుకుని, చీపురు చేత పట్టుకుని, దానిమ్మ చెట్టు వెనక దాక్కునేవాడు. పిల్లి వచ్చి ఆయన పక్కనే కూర్చునేది. ఇద్దరూ కలిసి పొదల వంక చూసేవాళ్లు. పిల్లి పక్కన ఉండగానే వాసన వస్తూండడంతో ఆయనకు విషయం బోధపడింది. ఒక రెమ్మ తుంచి నలిపి, నా దగ్గరికి తెచ్చి ముక్కు కింద పెట్టాడు.

"సూడు చెల్లె. చెట్టే ఉచ్చ వోసినట్టు వాసనత్తంది. పైసలు వెట్టి కొన్నడా గీన్ని?"

"నా పప్పు దగ్గర పెట్టొద్దన్నా దాన్ని, తీసుకోని పో," అన్నాను.

పిల్లికి ఆ రోజు చేప ముక్క పెట్టాడు. క్షమాపణ అని ఆయన అనలేదు, నేనూ అడగలేదు.

చలి మొదలయ్యాక ఆయన అసలు స్వరూపం బయటపడింది. రెండు స్వెట్టర్లు, మంకీ క్యాప్, దాని మీద తువ్వాలు, కింద లుంగీ. కాళ్లకు చలి వేయదా అంటే చలి పైనుంచి వస్తుంది కదా అనేవాడు. ఇంటికి ఫోన్ చేస్తే బాగున్నారా అనే మాట తర్వాత. ముందు "ఆడ ఎండెట్లున్నది?" అని అడిగేవాడు. మండిపోతోందని వాళ్లు చెబితే, లాటరీ తగిలినవాడిలా నవ్వి, బకెట్టులో కట్టిన మంచును ఫోటో తీసి పంపేవాడు. వాళ్లావిడ ఆ ఫోటో చూసి, ఆ పగిలిన బకెట్టు పారేసి కొత్తది కొనుక్కోరాదా అందట.

చలి ఎంత పెరిగితే చెట్లకు ప్రమాదమో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. ఫోన్‌లో చూపించే డిగ్రీలు ఆయన నమ్మేవాడు కాదు. అది మస్కట్‌లో కూర్చుని చెప్పే లెక్క అనేవాడు. అందుకని నా వంటింట్లో శెనగనూనె సీసా పట్టుకుపోయి బయట అరుగు మీద పెట్టాడు. నూనె తేటగా ఉంటే ఫరవాలేదు, మబ్బు పట్టినట్టయితే చెట్లకు చలి వేస్తున్నట్టు. సాయంత్రం పోపు వేయబోతే సీసా ఉండేది కాదు.

"అన్నా, నా నూనె యాడ పెట్టినావు?"

"డ్యూటీల ఉన్నది చెల్లె. జర ఆగు."

చలికాలమంతా ఆ ఇంట్లో నూనె వంటింట్లో కన్నా అరుగు మీదే ఎక్కువ ఉంది.

డిసెంబరులో ఒక సాయంత్రం సీసాలో నూనె తెల్లగా తిరిగింది. అన్న రూమ్‌లోకి పరిగెత్తి మంచం కింద నుంచి దుప్పట్లు లాగాడు. గల్ఫ్‌కు వచ్చినవాళ్లకు ఈ దుప్పట్ల సంగతి చెప్పక్కర్లేదు. ఒక్కోటి పసిపిల్లంత బరువుండే బొచ్చు దుప్పటి, దాని మీద పులో నెమలో గులాబీలో, జిప్పున్న ప్లాస్టిక్ సంచీ. ఊరికి వెళ్లేటప్పుడు అది లేకుండా వెళితే గల్ఫ్ నుంచి వచ్చాడని ఎవరూ ఒప్పుకోరు. ఊళ్లో ఏడాదికి పది నెలలు పలచటి పంచె కప్పుకున్నా చెమటలు పడతాయి, అయినా ఈ దుప్పటి అందాలి. కూతురికొకటి, అన్నదమ్ములకు తలా ఒకటి, చెల్లెలికి ఒకటి అని అన్న ఏళ్ల తరబడి ఒక్కొక్కటే కొని దాచుకున్నాడు. ఆ సంచులు చింపి, కొత్త దుప్పట్లు తెచ్చి డబ్బా చెట్ల మీద కప్పాడు.

అవి సగం చెట్లకు కూడా చాలలేదు. ఘాలా రూమ్‌కు ఫోన్ చేశాడు. ఏం చెప్పుకున్నాడో ఏమో, రెండో రోజు పికప్ నిండా దుప్పట్లు దిగాయి. రూమ్‌లో ఉన్న జగిత్యాల వాళ్లు, నిజామాబాదు వాళ్లు ఊరికి తీసుకెళదామని దాచుకున్నవన్నీ పంపించారు. "గులాబీలు పూసేటాలకు ఎవ్వలయి వాల్లకు వాపసిత్త," అని డ్రైవర్ ముందు ఒట్టు పెట్టాడు. ఆ పిచ్చి పనికి అంతమంది ఎట్లా ఒప్పుకున్నారని నేను డ్రైవర్‌ను అడిగాను. "ఆయన ఎండల వడిపోయిన నాడు మోసుకపోయినోల్లం మేమే గదక్కా," అన్నాడు.

మర్నాడు తెల్లవారి పెద్దావిడ కిటికీ తెరిచి కెవ్వుమంది. దారికి రెండు పక్కలా వరసగా మనుషులు ముసుగుతన్ని పడుకున్నట్టు ఉంది. చెట్లే అని చెప్పి ఆవిడను నమ్మించేసరికి ఖహ్వా కాఫీ చల్లారిపోయింది. నమ్మాక ఆవిడ నవ్వడం మొదలుపెట్టి, ఆ రోజంతా ఆగి ఆగి నవ్వింది. అప్పుడే ఆయనకు అబూ బత్తానియా అని పేరు పెట్టింది. దుప్పట్ల తండ్రి అని దానర్థం. అన్నకు అర్థం చెప్పాను. ఆయన దాన్ని బిరుదులా పుచ్చుకున్నాడు.

దుప్పట్లలో ఒక తప్పు జరిగింది. పొగమంచుకు తడిసి, ఆ బరువుకు గుండ్రటి పొదలు మధ్యకు చీలి, మీద ఎవరో కూర్చుని లేచినట్టు అయ్యాయి. అన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత పాత పని గుర్తుచేసుకున్నాడు. సన్నటి కడ్డీలు వంచి ఒక్కో చెట్టు మీదా గొడుగులా పాతి, వాటి మీద దుప్పటి వేశాడు. చీలిన కొమ్మలను కడ్డీలు కట్టే వైరుతో దగ్గరకు లాగి కట్టాడు. సాయంత్రం కప్పడం, పొద్దెక్కాక తీసి గోడ మీద ఆరేయడం, అదే ఆయన చలికాలం. గోడ మీద పులులూ నెమళ్లూ ఆరుతుంటే కింద దారిన పోయేవాళ్లు బండ్లు ఆపి ఫోటోలు తీసుకునేవాళ్లు.

ఇంత చేసినా జనవరి చివరికి చెట్లు రంగు మారాయి. ముందు చివర్లు, తర్వాత ఎండ తగిలే వైపంతా, చివరకు మొత్తం రాగిచెంబు రంగుకు తిరిగాయి. అన్న వాటి మధ్య కూర్చుని, ఆకులు ముట్టుకోకుండా చూసేవాడు. నాతో మాట్లాడటం తగ్గించాడు. ఒకరోజు చూసి చూసి నేనే అడిగాను.

"పోయినాయా అన్నా?"

"నన్ను అడుగకు చెల్లె," అన్నాడు. "పోయినయని నా నోటితోని అనిపియ్యకు."

ఆ వారమే అర్బాబు వచ్చాడు, అదీ పొద్దున్నే, దుప్పట్లు తీయకముందే. కారు దిగి, తన కలల దారికి రెండు పక్కలా పులులనూ నెమళ్లనూ చూశాడు. ఒక పులి చెవి పట్టుకుని పైకెత్తాడు. కింద రాగి రంగు ఆకులు. ఇంకోటి ఎత్తాడు. అన్నిటి కిందా అదే.

"మయ్యిత్," అన్నాడు. చచ్చిపోయాయని.

అన్నకు అరబ్బీలో వచ్చినవి పట్టుమని పది మాటలు. నన్ను చెప్పమంటాడేమోనని ముందుకు వచ్చాను. చేత్తో ఆపి, తనే అర్బాబు ముందు నిలబడ్డాడు. మంకీ క్యాప్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"మా మయ్యిత్, అర్బాబ్. నాయిమ్."

చచ్చిపోలేదు, నిద్రపోతున్నాయి అని. దుప్పటి కప్పుకున్నవాటి గురించి ఆ మాట అంటే ఎవరికైనా నవ్వు వస్తుంది. అర్బాబుకూ మీసం కదిలింది. కానీ నవ్వలేదు. నా వైపు తిరిగి, నెలాఖరుకు ఇతన్ని మబేలా సైట్‌కు పంపిస్తాను, సామాను సర్దుకోమని చెప్పు అన్నాడు. నేను చెప్పకముందే మబేలా అన్న ముక్క అన్నకు అర్థమైంది. ఆయన మొహం నేను అప్పుడు చూశాను. ఆ చలిలో, రెండు స్వెట్టర్ల లోపల, మనిషికి చెమటలు పట్టాయి.

"అర్బాబ్," అన్నాడు. క్యాప్ చంకలో పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. "అనా లాజిమ్. శితా, అనా లాజిమ్. అనా మాఫీ, హాదా మయ్యిత్."

నేను ఉండాలి. చలికాలం నేను ఉండాల్సిందే. నేను లేకపోతే ఇవి చస్తాయి. గుండె మీద చెయ్యి పెట్టుకుని మళ్లీ మళ్లీ అదే చెప్పాడు. ఉన్న పది మాటల్లో అంతకన్నా గట్టి మాటలు ఆయనకు దొరకలేదు.

పెద్దావిడ కిటికీలో నుంచి కొడుకును పిలిచింది. గులాబీలు పూసేదాకా ఆగితే నీ కంపెనీ ఏమన్నా మూతపడుతుందా అని అడిగింది. అర్బాబు ఎవరి మాటనైనా కాదంటాడు కానీ కిటికీలో నుంచి వచ్చే మాటను కాదనడు. సరే, గులాబీల దాకా, అని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత గడిచిన రోజుల్లో నాకు కూడా ముద్ద దిగేది కాదు. ఒకరోజు ఆయన చూడకుండా ఒక కొమ్మను గోటితో గీరి చూశాను. తొక్క కింద పచ్చగా ఉంది. సంతోషం పట్టలేక పిలిచాను. ఆయన పచ్చదనం చూడలేదు, గోరు పడిన చోటు చూశాడు.

"గిచ్చినవా? పండుకున్నదాన్ని గిచ్చినవా చెల్లె?" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అర్బాబుతో అన్న మాటను ఆయనే నమ్మేశాడని నాకు అప్పుడు తెలిసింది.

మార్చిలో ఆ రాగి రంగు ఒక్కో పొద నుంచీ దిగిపోయింది. ఇంకా గులాబీ మొగ్గలు విచ్చుకోకముందే, దారికి రెండు పక్కలా చెట్లు కడిగిపెట్టినంత ఆకుపచ్చగా అయ్యాయి. చివర్లలో లేత చిగుళ్లు కూడా వచ్చాయి. అర్బాబు వచ్చి ఆ చివరి నుంచి ఈ చివరకు రెండుసార్లు నడిచాడు. అన్న భుజం మీద చెయ్యి వేసి, "అంత లాజిమ్," అన్నాడు. నువ్వు ఉండాల్సిందే అని. అన్న ఆ రోజు వంటింట్లో కూర్చుని కళ్లు తుడుచుకుంటూ నాలుగు కప్పుల టీ తాగాడు. నాకూ కళ్లనీళ్లు వచ్చాయి. ఉల్లిపాయలు తరుగుతున్నాను కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

దుప్పట్లు మాత్రం ఎవరివి వాళ్లకు అట్లాగే వెళ్లాయి. బొచ్చు అట్టకట్టుకుపోయి, పులులు తడిసిన కుక్కల్లా తయారయ్యాయి. రూమ్ వాళ్లు తిట్టారు, తర్వాతి చలికాలానికి మళ్లీ పంపారు. చెట్లకు కప్పే గోనెపట్టలు తెప్పిస్తానని అర్బాబు అంటే అన్న ఒప్పుకోలేదు. గోనెపట్టలో వేడి ఏముంటుంది అన్నాడు. ఏటా జనవరిలో చెట్లు రాగి రంగుకు తిరిగేవి, ఏటా ఆయన మొహం వాడిపోయేది, ఏటా మార్చిలో రెండూ పచ్చబడేవి.

మూడో ఏడు సెలవు అడిగాడు. డిసెంబరులో ఇవ్వమన్నాడు, అప్పుడైతే ఊళ్లో చల్లగా ఉంటుందని. అర్బాబు ఆశ్చర్యపోయాడు. చలికాలం నువ్వు లేకపోతే చెట్లు చస్తాయని నువ్వే కదా చెప్పావు అన్నాడు. ఏప్రిల్లో గులాబీల పని, జూన్ నుంచి మస్కట్ చుట్టాలు ఎండకు తట్టుకోలేక కొండెక్కుతారు. మధ్యలో మిగిలేది మే. మేలో వెళ్లమన్నాడు.

అన్న ఆ సంగతి నాకు చెప్పడానికి వచ్చినప్పుడు దిగులుపడుతూ వస్తాడనుకున్నాను. గుమ్మంలో నిలబడి నవ్వుతున్నాడు.

"చలికాలం నన్ను ఇడువరంట చెల్లె. నేను లేకుంటే నడువదంట."

"మే నెలలో మీ ఊర్లో ఎండలు ఎట్ల మండుతాయో తెలీదా నీకు? నీ ఒంటికి పడుతుందా అది?"

"నేనేమన్న ఎండల తిరుగుతనా? ఇంట్ల కూలర్ వెట్టుకోని పండుకుంట," అన్నాడు. "అర్బాబే అన్నడు చెల్లె. అందరి ముంగట అన్నడు, నేను లాజిమ్ అని."

ఘాలా రూముల్లో వందల మందిలో ఒకడిగా ఉన్నవాడు. నువ్వు లేకపోతే నడవదని అక్కడ ఎవరినీ అనరు. ఆ మాట ఆయనకు జీతం పెరిగినదాని కన్నా ఎక్కువైంది. ఏటా మేలో వెళ్లేవాడు, కూలర్ ముందు పడుకుని, నల్లగా తిరిగి వచ్చేవాడు. ఈసారి మాత్రం స్లాబు వేశారు.

ఆయన పోయాక గులాబీలకూ దానిమ్మలకూ కింద ఊరి నుంచి ఒకతను వచ్చిపోతున్నాడు. డబ్బా చెట్ల సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. చలికాలం వచ్చింది. ఆయన దుప్పట్లు స్టోరు గదిలో మడతపెట్టి ఉన్నాయి. నూనె సీసా వంటింట్లోనే ఉంది. తెల్లబడిందో లేదో నేను చూడలేదు. మనిషే పోయాడు, ఇంక ఈ ఉచ్చ వాసన చెట్లు ఎవరిని ఉద్ధరించడానికి అని నాకు కసి పుట్టింది. ఒక్క సాయంత్రం కూడా కప్పలేదు. పెద్దావిడ కిటికీలో కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటూ ఆ ఉత్త చెట్లనే చూసేది. కప్పమని ఆవిడా అనలేదు. జనవరికి అవి రాగి రంగుకు తిరిగాయి. పోతున్నాయి, పోనీ అనుకున్నాను.

మార్చిలో అవి వాటంతట అవే పచ్చబడ్డాయి.

ముందు నమ్మలేదు. దగ్గరికి వెళ్లి, పొద పొదా చేత్తో తడిమి చూశాను. అన్న ఉన్నప్పుడు ఎట్లా ఉండేవో అట్లాగే ఉన్నాయి, చిగుళ్లు కూడా కాస్త ఎక్కువే వేశాయి. అంటే ఏటా ఆ రంగు మారడం వాటి అలవాటు. పులి కప్పినా, నెమలి కప్పినా, ఏమీ కప్పకపోయినా అవి పచ్చబడేవే. నాకు ఆ చెట్లను వేళ్లతో సహా పీకి కింద లోయలోకి విసిరేయాలనిపించింది. ఆయన ప్రతి డిసెంబరూ ఊరికి హాయిగా వెళ్లి రాగలిగేవాడు. ఇవి బతికే ఉండేవి, ఆయన కూడా బతికే ఉండేవాడు.

గులాబీలకు ముందు అర్బాబు వచ్చాడు. వచ్చే డిసెంబరులో కూతురి దగ్గరికి వెళ్లడానికి సెలవు కావాలని ఆయన్ని అప్పటికే అడిగి ఉన్నాను. పచ్చటి చెట్ల మధ్య నిలబడి, అన్నను తలచుకుని, మంచివాడని అన్నాడు. తర్వాత ఆయనకు అనుమానం వచ్చింది.

"అతను లేడు కదా, చలికాలం వీటిని ఎవరు చూశారు?" అని అడిగాడు.

ఎవరూ చూడలేదు అని చెప్పడానికే నోరు తెరిచాను. చెబితే ఆయన ఒక నిమిషం ఆలోచిస్తాడు. ఆ తర్వాత, అయితే అతను ఇన్నాళ్లూ చేసింది ఏమిటి అంటాడు. నవ్వుతాడు కూడా. ఘాలా రూమ్ వాళ్లకు చెబుతాడు, వాళ్లూ నవ్వుతారు. అందరి ముందూ లాజిమ్ అని పిలిపించుకున్న మనిషి, చచ్చిపోయాక ఒక వేళాకోళం అవుతాడు.

"నేనే కప్పినాను అర్బాబ్," అన్నాను. "రోజూ సాయంత్రం. అన్న ఎట్ల కప్పేవాడో అట్లే."

అర్బాబు కిటికీ వంక చూశాడు. కిటికీలో పెద్దావిడ ఉంది. చలికాలమంతా ఆ ఉత్త చెట్లను చూస్తూ కూర్చున్న మనిషి. ఆవిడ తస్బీ తిప్పడం ఆపలేదు.

"ప్రతి సాయంత్రం కప్పింది," అంది. "అబూ బత్తానియా నేర్పినట్టే. లేకపోతే ఎప్పుడో చచ్చేవి."

అర్బాబు తృప్తిగా తల ఊపాడు. కారెక్కబోతూ ఏదో గుర్తొచ్చి ఆగాడు. నువ్వు డిసెంబరులో సెలవు కావాలన్నావు కదా, ఇప్పుడు అది కుదరదు, చలికాలం నువ్వు ఉండాల్సిందే, మేలో వెళ్లిరా అన్నాడు. నేను సరే అన్నాను.

రాయచోటిలో ఉన్న కూతురికి ఫోన్ చేసి, మేలో వస్తున్నానని చెప్పాను. "ఇంత ఎండల్లోనా? చలికాలంలో రాకూడదా మా?" అంది.

"కుదరదు నాయనా," అన్నాను. "చలికాలం నేను లేకపోతే ఈడ జరగదు."